మూగబోయిన మీటలు: ఉమ్మడి కన్సోల్ స్విచ్‌లో కీబోర్డు మౌనం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

అనేక సర్వర్లకు ఒకే కీబోర్డును, ఒకే తెరను, ఒకే మౌసును అందించే పరికరం కె.వి.ఎమ్. స్విచ్. దీని ద్వారా పనిచేసే కీబోర్డు ఉన్నట్టుండి స్పందించకపోవడం సర్వర్ గదుల్లో తరచు ఎదురయ్యే సమస్య. దీనిని విడి పరికరపు దోషంగా భావించడం పరిపాటి. 1963 నాటి టెలిటైపు యంత్రం మొదలుకొని 1996 నాటి యూఎస్‌బీ ప్రమాణం వరకు వేర్వేరు కాలాల్లో ఏర్పడిన సంప్రదాయాలు ఒకదానిపై ఒకటి పేరుకొని ఉండడమే ఈ మౌనానికి ప్రధాన కారణమని ప్రస్తుత వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ పొరలను వరుసగా పరిశీలించి, దోషాన్వేషణ క్రమానికి వాటితో గల సంబంధాన్ని వివరిస్తుంది.

కీలకపదాలు: కీబోర్డు, కన్సోల్, కె.వి.ఎమ్. స్విచ్, టెలిటైపు, పీఎస్/2, యూఎస్‌బీ, ఇన్‌స్క్రిప్ట్, దోషాన్వేషణ.

1. ఉపోద్ఘాతం

తెలుగులో కంప్యూటరు చరిత్రను గురించిన రచనలు ఎక్కువగా ఆవిష్కర్తల చుట్టూ సాగాయి. యంత్రాన్ని ఎవరు కనిపెట్టారో చెప్పినంత శ్రద్ధగా, అది మొరాయించినప్పుడు ఎవరు ఎలా బాగుచేశారో చెప్పలేదు. పాత వృత్తుల విషయంలో తెలుగు పరిశోధన ఇంతకంటే మెరుగ్గా వ్యవహరించింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం సేద్యగాడి పనిముట్ల పేర్లను, వాటి భాగాల పేర్లను ఊరూరా సేకరించి నమోదు చేసింది. నాగలికి దక్కిన ఆ గౌరవం సర్వర్ గదిలోని పనిముట్లకు ఇంకా దక్కలేదు. అక్కడి జ్ఞానం ఇప్పటికీ నోటి మాటగానే, సీనియరు నుంచి జూనియరుకు చేరుతోంది.

ఆ మాటల్లో ఒకదానిని ఇక్కడ ప్రత్యేకంగా గమనించవలసి ఉంది. కీబోర్డు స్పందించనప్పుడు తెలుగువారు సాధారణంగా "అక్షరం పడడం లేదు" అంటారు. ఇది టైపు యంత్రం నాటి పలుకుబడి. ఆ యంత్రంలో మీట నొక్కితే లోహపు అచ్చు నేరుగా కాగితంపై పడుతుంది. నొక్కడమూ పడడమూ ఒకే క్రియకు రెండు కొసలు. కంప్యూటరులో ఈ రెండూ వేర్వేరు క్రియలు. వాటి నడుమ ఎన్నో చేతులు మారతాయి. అక్షరం పడలేదన్న మాట నిజమే అయినా, ఏ చేతిలో ఆగిపోయిందో ఆ మాట చెప్పదు. ఒక కీబోర్డును పదహారు సర్వర్లు పంచుకునే చోట ఈ తేడా తెలియకపోతే నష్టం చిన్నది కాదు. కీబోర్డు మూగబోయిందని భావించి, నిక్షేపంగా పనిచేస్తున్న సర్వర్‌ను మీట నొక్కి ఆపివేస్తే, అప్పటికి డిస్కుపైకి చేరని సమాచారం పోతుంది. ఆ సర్వర్‌పై ఆధారపడిన వారందరి పనీ ఆగుతుంది.

2. టెలిటైపు వారసత్వం: ప్రతిధ్వని, విరామం

నొక్కడానికీ పడడానికీ మధ్య ఎడం ఏర్పడిన తొలి ఘట్టం టెలిటైపు. అమెరికాలోని టెలిటైపు కార్పొరేషన్ 1963లో విడుదల చేసిన మోడల్ 33 యంత్రం సెకనుకు పది అక్షరాల వేగంతో పనిచేసేది. తంతి సందేశాల కోసం తయారైన ఈ యంత్రం, ధర తక్కువ కావడం వల్ల 1965 నాటి పీడీపీ-8 వంటి చిన్న కంప్యూటర్లకు కన్సోల్‌గా మారింది. 1969లో బెల్ పరిశోధనాలయంలో ప్రారంభమైన యూనిక్స్ వ్యవస్థ ఇలాంటి యంత్రాల ముందు కూర్చునే రూపొందింది. యూనిక్స్‌లోనూ, దాని బాటలో వచ్చిన లినక్స్‌లోనూ నేటికీ ప్రతి కన్సోల్‌కు ఉన్న టీటీవై అనే పేరు టెలిటైపుకు సంక్షిప్త రూపమే.

ఈ ఏర్పాటులో మీట నొక్కగానే అక్షరం నేరుగా కాగితంపై పడేది కాదు. అక్షర సంకేతం తీగ గుండా కంప్యూటరుకు వెళ్లేది. కంప్యూటరు దానిని అందుకొని తిరిగి పంపితేనే అచ్చయ్యేది. ఈ తిరుగు సంకేతాన్ని 'ఎకో' అన్నారు, అంటే ప్రతిధ్వని. కన్సోల్‌లో కనబడే ప్రతి అక్షరమూ కంప్యూటరు చెప్పిన జవాబే తప్ప మనిషి వేసిన అచ్చు కాదు. యూనిక్స్ కన్సోల్‌లో రహస్యపదం అడిగేటప్పుడు తెరపై చుక్క కూడా పడకపోవడానికి కారణం ఇదే. అక్కడ కంప్యూటరు కావాలనే జవాబివ్వదు. సర్వర్ కన్సోల్ ముందు తొలిసారి కూర్చున్నవారిలో చాలామంది కీబోర్డు పాడైందని మొదట భ్రమపడేది ఈ చోటనే.

టెలిటైపు మిగిల్చిన మరొక ఆస్తి ఇంతకంటే విచిత్రమైనది. మోడల్ 33లో ఒక రకానికి కాగితపు పట్టీని చదివే భాగం జతగా ఉండేది. పట్టీ వేగంగా కదిలి కంప్యూటరు అందుకోలేనప్పుడు దానిని ఆపడానికి ఒక సంకేతం, తిరిగి నడపడానికి మరొక సంకేతం కావలసి వచ్చాయి. ఆస్కీ పట్టికలో 19వ సంకేతం ఆపేది, 17వది నడిపేది. వీటికే ఎక్స్-ఆఫ్, ఎక్స్-ఆన్ అని పేర్లు. కంట్రోల్ మీటతో ఏ ఆంగ్లాక్షరాన్ని కలిపి నొక్కితే వర్ణమాలలో దాని వరుస సంఖ్య గల సంకేతం పుడుతుంది. 'ఎస్' పంతొమ్మిదో అక్షరం, 'క్యూ' పదిహేడోది. కాబట్టి కంట్రోల్-ఎస్ ఆపుతుంది, కంట్రోల్-క్యూ నడుపుతుంది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1978లో తెచ్చిన వీటీ100 తెరలో ఈ పనికి ప్రత్యేకంగా ఒక మీటనే కేటాయించారు.

కాగితపు పట్టీ పోయింది, దానిని చదివే భాగమూ పోయింది. సంకేతాలు మాత్రం నిలిచాయి. విండోస్ అలవాటున్నవారికి కంట్రోల్-ఎస్ అంటే దస్త్రాన్ని భద్రపరచడం. అదే అలవాటుతో లినక్స్ కన్సోల్‌లో ఆ మీటలు నొక్కితే తెర అక్కడికక్కడ స్తంభిస్తుంది. ఆ తర్వాత ఎన్ని మీటలు నొక్కినా అక్షరం పడదు. కీబోర్డు బాగుంది, స్విచ్ బాగుంది, సర్వర్ బాగుంది. ఎన్నడో కనుమరుగైన పట్టీని ఆపమన్న ఆజ్ఞను వ్యవస్థ విధేయంగా పాటిస్తోంది, అంతే. లినక్స్ కన్సోల్‌లో స్క్రోల్ లాక్ మీట కూడా ఇదే పని చేస్తుంది. ఈ మీట ప్రసక్తి తర్వాత మళ్లీ వస్తుంది.

3. ఒక మనిషికి ఒక యంత్రం

1981 ఆగస్టులో వెలువడిన ఐబీఎమ్ పీసీ పేరులోనే 'పర్సనల్' అన్న విశేషణం ఉంది. ఒక బల్ల, ఒక మనిషి, ఒక యంత్రం, ఒక కీబోర్డు అన్న భావన ఆ నిర్మాణమంతటా వ్యాపించింది. సర్వర్ గదిలోని కష్టాలకు మూలం ఈ భావనలోనే వెదకాలి.

ఐబీఎమ్ పీసీ కీబోర్డుకు 83 మీటలు. దానిలోపల ఇంటెల్ 8048 అనే చిన్న నియంత్రకం ఉండేది. టెలిటైపు అక్షర సంకేతాన్ని పంపితే, ఈ కీబోర్డు మీట స్థానాన్ని మాత్రమే పంపేది. నొక్కినప్పుడు ఒక సంకేతం, వదిలినప్పుడు మరొక సంకేతం. ఈ రెండో సంకేతం పీసీ సంప్రదాయం తెచ్చిన ముఖ్యమైన మార్పు. షిఫ్ట్, కంట్రోల్, ఆల్ట్ మీటలు నొక్కి ఉన్నాయా లేదా అన్నది కీబోర్డు చెప్పదు. వదిలిన సంకేతం వచ్చేదాకా నొక్కే ఉన్నట్లు కంప్యూటరే లెక్కగట్టుకుంటుంది. ఆ సంకేతం దారిలో తప్పిపోతే కంప్యూటరు దృష్టిలో మీట నొక్కే ఉంటుంది. మనిషి చేయి ఎప్పుడో పక్కకు వెళ్లినా సరే.

1984లో వచ్చిన పీసీ/ఏటీ ఈ సంభాషణను రెండు వైపులా నడిచేలా చేసింది. కీబోర్డు చెప్పడమే కాక, కంప్యూటరు కూడా కీబోర్డుకు ఆజ్ఞలిచ్చే వీలు కలిగింది. క్యాప్స్ లాక్, నమ్ లాక్, స్క్రోల్ లాక్ దీపాలు ఈ ఏర్పాటు ఫలితాలే. క్యాప్స్ లాక్ నొక్కినప్పుడు వెలిగే దీపాన్ని కీబోర్డు తనంతట తాను వెలిగించదు. మీట సంకేతం కంప్యూటరుకు వెళ్లి, నిర్వహణ వ్యవస్థ దానిని గ్రహించి, దీపం వెలిగించమని తిరిగి ఆజ్ఞాపిస్తేనే వెలుగుతుంది. రానూ పోనూ దారి మొత్తం తెరిచి ఉందనడానికి ఆ చిన్న దీపమే సాక్ష్యం. దోషాన్వేషణలో దీనికి మించిన పరీక్ష మరొకటి లేదనడం అతిశయోక్తి కాదు.

కంప్యూటరు వైపున కీబోర్డుతో మాట్లాడే బాధ్యతను 8042 అనే నియంత్రకానికి అప్పగించారు. ఇదే నియంత్రకానికి ప్రాసెసరును తిరిగి ప్రారంభించే పనిని, ఒక మెగాబైటు దాటిన జ్ఞాపకశక్తికి తలుపు తీసే పనిని కూడా కట్టబెట్టారు. ఇంటి కాపలాదారు చేతికే బీరువా తాళాలు ఇచ్చినట్లయింది. ఏటీ ముందుభాగంలో నిజంగానే ఒక తాళం ఉండేది. తాళం వేస్తే కీబోర్డు పనిచేయదు. కీబోర్డు మౌనాన్ని రక్షణ సాధనంగా ఉద్దేశపూర్వకంగా అమర్చిన సందర్భం ఇది.

యంత్రం ప్రారంభమయ్యేటప్పుడు కీబోర్డు తనను తాను పరీక్షించుకొని క్షేమమని ఒక సంకేతం పంపాలి. అది రాకపోతే ఐబీఎమ్ యంత్రాలు 301 అనే దోషసంఖ్యను చూపేవి. అనంతర కాలపు బయోస్‌లు కీబోర్డు లేదని చెబుతూనే, కొనసాగడానికి ఎఫ్1 మీట నొక్కమని కోరేవి. ఈ సందేశం హాస్యానికి ప్రసిద్ధి. అయితే దాని వెనుక ఉన్నది తెలివితక్కువతనం కాదు. కీబోర్డు లేని పీసీ అంటే మనిషి లేని పీసీ, అలాంటిది నడవవలసిన అవసరమేమిటి అన్న నమ్మకం. మనుషులు లేని గదిలో వరుసలుగా పేర్చిన సర్వర్లుగా ఈ పీసీలే మారినప్పుడు ఆ నమ్మకం అడ్డంకి అయింది.

1987 ఏప్రిల్‌లో వచ్చిన పీఎస్/2 శ్రేణి ఆరు సూదుల చిన్న గుండ్రని సాకెట్టును కీబోర్డుకు, మౌసుకు ఒకే ఆకారంలో అమర్చింది. ఒకదాని చోట మరొకటి గుచ్చడం నిత్యకృత్యమైంది. కీబోర్డుకు ఊదా, మౌసుకు ఆకుపచ్చ అన్న రంగుల గుర్తింపు మైక్రోసాఫ్ట్, ఇంటెల్ సంస్థలు రూపొందించిన పీసీ 99 మార్గదర్శకాలతో స్థిరపడింది. యంత్రం నడుస్తుండగా తీసి పెట్టడానికి ఈ సాకెట్టును ఉద్దేశించలేదు. అలా చేస్తే మదర్‌బోర్డుపై ఉండే ఫ్యూజు పోయే ప్రమాదం ఉంది. కీబోర్డు లేకుండా ప్రారంభమైన సర్వర్ చాలా సందర్భాల్లో ఆ ద్వారాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. తర్వాత గుచ్చినా గుర్తించదు.

4. నటించే కీబోర్డు

ఒక అరలో పది, ఇరవై పీసీ సర్వర్లు చేరాక ఒక్కొక్కదానికి ఒక కీబోర్డు, ఒక తెర పెట్టడం అసాధ్యమైంది. పాత యూనిక్స్ యంత్రాలకు ఈ బెడద అంతగా లేదు. వాటి కన్సోల్ ఒక సీరియల్ తీగ మాత్రమే. పీసీకి మాత్రం బొమ్మ గీసే తెర, మీటలున్న కీబోర్డు భౌతికంగా కావాలి. తొలి పరిష్కారం చేతితో తిప్పే పెట్టె. లోపల లోహపు స్పర్శలు తప్ప మరేమీ లేవు. పిడి తిప్పగానే ఒక సర్వర్‌కు కీబోర్డు దొరుకుతుంది, మిగిలిన అన్నింటికీ పోతుంది. కరెంటు పోయి వచ్చిన రాత్రి ఆ మిగిలినవన్నీ కీబోర్డు లేదని ఎఫ్1 కోసం ఎదురుచూస్తూ నిలబడతాయి.

ఈ చిక్కును తొలగించడానికి స్విచ్‌లో ప్రతి ద్వారం వెనుకా కీబోర్డులా నటించే ఎలక్ట్రానిక్ భాగాన్ని అమర్చారు. అమెరికాలోని సైబెక్స్, ఏపెక్స్ సంస్థలు ఈ రంగంలో పేరు పొందాయి. 2000లో ఈ రెండూ విలీనమై అవోసెంట్‌గా మారాయి. కీబోర్డు, వీడియో, మౌస్ పదాల తొలి అక్షరాలతో కె.వి.ఎమ్. అనే పేరు వ్యాప్తిలోకి వచ్చింది కూడా 1990ల నడుమనే. ఈ కొత్త స్విచ్ ప్రతి సర్వర్‌కూ 'నీ కీబోర్డు నీ దగ్గరే ఉంది' అని నిరంతరం నమ్మబలుకుతుంది. పరీక్షకు జవాబిస్తుంది, ఆజ్ఞలను అందుకున్నానంటుంది, దీపాల స్థితిని గుర్తుపెట్టుకుంటుంది. అసలు కీబోర్డు మరొక సర్వర్‌తో మాట్లాడుతున్నా ఈ నాటకం ఆగదు.

ఈ వ్యాస ప్రతిపాదనకు ఆధారం ఇక్కడే ఉంది. నటన సరిగా సాగినంత కాలం ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. సర్వర్ ఒక కొత్త ప్రశ్న అడిగి, స్విచ్‌కు ఆ సంభాషణ రానప్పుడు మౌనం మొదలవుతుంది. మౌస్ విషయం దీనికి మంచి ఉదాహరణ. 1996లో మైక్రోసాఫ్ట్ చక్రమున్న ఇంటెల్లిమౌసును తెచ్చింది. మౌస్‌కు చక్రం ఉందో లేదో తెలుసుకోవడానికి డ్రైవరు 200, 100, 80 అనే వేగాలను ఆ వరుసలోనే అమర్చమంటుంది. అది సంకేత భాష. తెలిసిన మౌస్ అప్పటి నుంచి మూడు బైట్లకు బదులు నాలుగు బైట్లు పంపుతుంది. స్విచ్ నడుమ ఈ ఒప్పందాన్ని మరచిపోతే సర్వర్ నాలుగేసి, మౌస్ మూడేసి లెక్కపెడతాయి. సూచిక తెర మూలల్లోకి పిచ్చిగా దూకుతుంది. కీబోర్డు విషయంలో ఇంత దృశ్యం ఉండదు. లినక్స్ 2.4 కెర్నెలు కాలంలో ఏటీ కీబోర్డు లేదేమో అని సందేహిస్తూ కన్సోల్‌పై వచ్చే గడువు ముగిసిన సందేశం ఈ కోవలోదే. కెర్నెలు అడిగింది, స్విచ్ సకాలంలో బదులివ్వలేదు. తరువాతి కెర్నెళ్లలో 8042 నియంత్రకాన్ని తిరిగి సిద్ధం చేయమనడానికి, దాని అదనపు సౌకర్యాలను వాడవద్దనడానికి ప్రారంభ సూచనలు చేర్చవలసి వచ్చింది.

స్విచ్‌కు తనదైన భాష కూడా ఒకటి కావలసి వచ్చింది. కీబోర్డు నుంచే సర్వర్ మార్చుకోవాలంటే ఎవరూ వాడని మీట ఒకటి ఉండాలి. స్క్రోల్ లాక్‌ను ఎంచుకున్నారు. రెండుసార్లు వెంటవెంటనే నొక్కి, ద్వారం సంఖ్య నొక్కితే ఆ సర్వర్‌కు మారుతుంది. కొన్ని స్విచ్‌లు కంట్రోల్ మీటను, కొన్ని ప్రింట్ స్క్రీన్‌ను వాడాయి. ఎవరూ వాడరనుకున్న మీటను అప్పటికే ఇద్దరు వాడుతున్నారు. లినక్స్ కన్సోల్ స్క్రోల్ లాక్‌తో ఆగిపోతుందని పైన చూశాం. విండోస్‌లోనూ, నిర్వాహకుడు ముందుగా అనుమతిస్తే, కుడి కంట్రోల్ పట్టుకొని స్క్రోల్ లాక్ రెండుసార్లు నొక్కగానే వ్యవస్థను ఉద్దేశపూర్వకంగా కూల్చివేసే సౌకర్యం ఉంది. స్విచ్ ఆ మీటను మింగకుండా సర్వర్‌కు కూడా పంపితే ఏమవుతుందో ఊహించవచ్చు.

దీనికి వ్యతిరేకమైన ఇబ్బంది కూడా ఉంది. స్క్రోల్ లాక్ రెండుసార్లు నొక్కి ఆపై ఏమీ చేయకుండా వదిలేస్తే, కొన్ని స్విచ్‌లు తమ ఆజ్ఞ కోసం ఎదురుచూస్తూ ఉండిపోతాయి. తర్వాత నొక్కే మీటలన్నీ వాటి కడుపులోకే పోతాయి. కంట్రోల్ నొక్కి ఉంచి సర్వర్ మార్చుకున్నప్పుడు, వదిలిన సంకేతం కొత్త సర్వర్‌కు చేరి, పాత సర్వర్ దృష్టిలో కంట్రోల్ నొక్కే ఉండిపోతుంది. మళ్లీ ఆ సర్వర్‌కు వచ్చినప్పుడు 'ఎల్' నొక్కితే తెర తుడుచుకుపోతుంది, 'ఎస్' నొక్కితే ఆగిపోతుంది. కీబోర్డు దెయ్యం పట్టినట్లు ప్రవర్తిస్తుంది. షిఫ్ట్, కంట్రోల్, ఆల్ట్ మీటలను రెండు వైపులా ఒక్కొక్కసారి నొక్కి వదలడమే దీనికి మందు.

5. యూఎస్‌బీ: అడిగితేనే పలికే కీబోర్డు

1996 జనవరిలో యూఎస్‌బీ తొలి ప్రమాణం వెలువడింది. పీఎస్/2 కీబోర్డు తనకు చెప్పవలసింది ఉన్నప్పుడు తానే నోరు విప్పుతుంది. యూఎస్‌బీ కీబోర్డు అలా కాదు. కంప్యూటరు కొన్ని మిల్లీసెకన్లకొకసారి అడుగుతుంది, అడిగినప్పుడే జవాబు చెబుతుంది. చేరిన వెంటనే తన పేరు, ఊరు, అవసరాలు చెప్పుకొని చిరునామా పొందాలి. ఈ పరిచయ ప్రక్రియ పూర్తయ్యేవరకు మీట నొక్కినా అర్థం లేదు. నటన లేని చౌకరకం యూఎస్‌బీ స్విచ్‌లో సర్వర్ మార్చిన ప్రతిసారీ కీబోర్డును ఊడదీసి మళ్లీ గుచ్చినట్లే. పరిచయమంతా మొదటి నుంచి జరగాలి. విద్యుత్తు ఆదా కోసం సర్వర్ ఆ ద్వారాన్ని నిద్రపుచ్చి ఉంటే పరిచయమే జరగకపోవచ్చు.

బయోస్ కాలపు కార్యక్రమాలకు యూఎస్‌బీ తెలియదు కాబట్టి వాటి కోసం మరో నటన మొదలైంది. బయోస్ యూఎస్‌బీ కీబోర్డు సంకేతాలను అందుకొని, అవి పాత 8042 నుంచి వచ్చినట్లు చూపిస్తుంది. స్విచ్ కీబోర్డులా నటిస్తుంది, ఆ కీబోర్డు పీఎస్/2 రకమని బయోస్ నటిస్తుంది. నిర్వహణ వ్యవస్థ ప్రారంభమై యూఎస్‌బీ పగ్గాలు తన చేతికి తీసుకునే క్షణంలో బయోస్ తప్పుకుంటుంది. ఆ చేతులు మారే వేళ అవసరమైన డ్రైవరు సిద్ధంగా లేకపోతే కీబోర్డు మూగబోతుంది. ప్రారంభ జాబితాలో బాణపు మీటలు చక్కగా పనిచేసి, డిస్కు గూఢలిపి తాళం తెరవడానికి రహస్యపదం అడిగే తెరలో ఒక్క మీటా పనిచేయని లినక్స్ సర్వర్ కథ ఇదే. స్విచ్‌ను ఎన్నిసార్లు మార్చినా ప్రయోజనం ఉండదు. ప్రారంభ చిత్రంలో యూఎస్‌బీ కీబోర్డు డ్రైవరును చేర్చాలి.

6. 'క' ప్రయాణం

పై పొరలన్నీ ఒకే మీటలో ఎలా కలుస్తాయో తెలుగు అక్షరం సాయంతో చూడవచ్చు. ఇన్‌స్క్రిప్ట్ అమరికలో ఆంగ్ల 'కె' ఉన్న మీటే తెలుగు 'క'. ఐ.ఎస్. 13194:1991 ప్రమాణం ద్వారా ఈ అమరిక పలు దేశభాషలకు వర్తించింది. ఆ మీట నొక్కినప్పుడు పీఎస్/2 కీబోర్డు పంపే సంకేతం షోడశాంశమానంలో 42. 8042 నియంత్రకం దానిని పాత పీసీ లెక్కలోకి 25గా మారుస్తుంది. యూఎస్‌బీ కీబోర్డు అయితే అదే మీటను 0ఈ అంటుంది. స్విచ్ చూసేది ఈ సంఖ్యలనే. అది 'కె' అని గాని 'క' అని గాని దానికి తెలియదు. చివర నిర్వహణ వ్యవస్థ తన అమరిక పట్టికను చూసి, తెలుగు ఎంపికై ఉంటే యూనికోడ్‌లో 0సి15 స్థానపు 'క'గా నిర్ణయిస్తుంది.

అంటే కీబోర్డుకు భాష లేదు. 'మీట' అన్న తెలుగు మాట ఈ వాస్తవానికి ఎంతో దగ్గర. 'మీటు' ధాతువు వీణ తంత్రిని కదిల్చే చర్యను చెబుతుంది. మీటిన వేలికి స్వరం తెలియనక్కరలేదు. అది తంత్రి బిగువును బట్టి తేలుతుంది. 'కీ' అన్న మాట తాళంచెవిని తలపిస్తుంది గాని ఈ సంబంధాన్ని స్ఫురింపజేయదు.

ఈ భాషారహిత స్థితి తెలుగు వాడుకరికి ఒక ప్రత్యేకమైన చిక్కు తెచ్చింది. విండోస్ యంత్రంలో ఇన్‌స్క్రిప్ట్ అమరిక ఎంపికై ఉండగా రహస్యపదం అడిగితే, నొక్కిన ఆంగ్ల మీటలు తెలుగు సంకేతాలుగా చేరతాయి. తెరపై చుక్కలే కనబడతాయి కాబట్టి తేడా తెలియదు. రహస్యపదం తప్పని వస్తుంది, నింద కీబోర్డుపై పడుతుంది. లినక్స్ పాఠ్య కన్సోల్‌లో ఈ చిక్కు రాదు. దానికి కారణం సంతోషించదగినది కాదు. ఆ కన్సోల్ ఒకేసారి 512 ఆకృతులకు మించి చూపలేదు, గుణింతాలను, ఒత్తులను కూర్చలేదు. సర్వర్ ఆఖరి గడియలో మాట్లాడే చోటికి తెలుగు ఇంకా చేరలేదు.

7. దోషాన్వేషణ: పొరలను విప్పే క్రమం

ఇంతవరకు చూసిన చరిత్ర దోషాన్వేషణలో ఏది ముందో ఏది తర్వాతో నిర్ణయిస్తుంది. మొదట వేరే సర్వర్‌కు మారి చూడాలి. అన్ని సర్వర్లలోనూ మౌనమే అయితే దోషం కీబోర్డులోనో స్విచ్‌లోనో ఉంది. ఒకదానిలోనే అయితే ఆ సర్వర్‌లోనో దాని తీగలోనో ఉంది. కీబోర్డు నుంచి మారే సంకేతమే పనిచేయకపోతే స్విచ్ మీది గుండీ నొక్కి మారాలి. ఒక్క నిమిషం పట్టే ఈ పరీక్ష సగం దారిని తేల్చేస్తుంది. అయినా చాలామంది దీనిని వదిలి నేరుగా తీగలు పీకడానికి పూనుకుంటారు.

తర్వాతిది దీపం. క్యాప్స్ లాక్ నొక్కితే దీపం వెలిగి ఆరుతుంటే, సర్వర్ వింటోంది, జవాబిస్తోంది. అప్పుడు వెదకవలసింది పై పొరల్లో. కంట్రోల్-క్యూ, స్క్రోల్ లాక్, ఇరుక్కుపోయిన కంట్రోల్, తెలుగు అమరిక, విండోస్ అయితే ఫిల్టర్ కీస్. కుడి షిఫ్ట్ మీటను ఎనిమిది సెకన్లు నొక్కి ఉంచితే తెరచుకునే ఈ ఫిల్టర్ కీస్ సౌకర్యం చేతులు వణికే వారికోసం ఉద్దేశించినది. క్షణకాలపు నొక్కులను అది లెక్కచేయదు. కీబోర్డుపై దస్త్రమో పుస్తకమో ఆనినప్పుడు తనంతట తానే తెరచుకున్న సందర్భాలు లేకపోలేదు. దీపం వెలగకపోతే కింది పొరలు చూడాలి. పీఎస్/2 కీబోర్డుపై క్యాప్స్ లాక్, స్క్రోల్ లాక్ దీపాలు వాటంతట అవే మిణుకు మిణుకుమంటుంటే లినక్స్ కెర్నెలు కుప్పకూలిందని అర్థం.

స్విచ్‌ను తిరిగి ప్రారంభించే విషయంలో ఒక మెలిక ఉంది. చాలా స్విచ్‌లు తమ అడాప్టరు నుంచే కాక, జతచేసిన సర్వర్ల కీబోర్డు ద్వారాల నుంచి కూడా విద్యుత్తు తీసుకుంటాయి. అడాప్టరు ఊడదీసినా స్విచ్ ఆరదు, దాని నటన అక్కడే చిక్కుకొని ఉంటుంది. సర్వర్ల వైపు తీగలన్నీ తీసి, కొన్ని సెకన్లు ఆగి, తిరిగి కలపాలి. పీఎస్/2 తీగల విషయంలో పైన చెప్పిన ఫ్యూజు ప్రమాదం ఉంది కాబట్టి, ఈ పనికి సర్వర్లను వీలు చూసి ఆపుకోవడమే మంచిది. యూఎస్‌బీకి ఆ భయం లేదు. స్విచ్‌ను పక్కకు పెట్టి కీబోర్డును నేరుగా సర్వర్‌కు కలిపి చూడడం అన్నింటికంటే నిశ్చయమైన పరీక్ష.

సర్వర్‌ను బలవంతంగా ఆపే ముందు నెట్‌వర్కు దారిన లోపలికి వెళ్లగలమేమో చూడడం తప్పనిసరి. కన్సోల్ మూగబోయినా సర్వర్ తన పని తాను చేసుకుపోతుండడం ఎంతో సాధారణం. దారి దొరికితే క్రమపద్ధతిలో ఆపవచ్చు, లేదా కీబోర్డు డ్రైవరును మాత్రమే తిరిగి నడపవచ్చు. నెట్‌వర్కు కూడా లేకపోయినా, కెర్నెలు మీట నొక్కులను ఇంకా అందుకుంటుంటే, అనుమతి ఉన్న లినక్స్ యంత్రాల్లో ఆల్ట్, సిస్ఆర్‌క్యూ మీటలతో 'ఎస్' కలిపి నొక్కి, డిస్కుకు చేరవలసిన సమాచారాన్ని చేర్చవచ్చు. ఆ సిస్ఆర్‌క్యూ మీట 1984లో పీసీ/ఏటీ కీబోర్డుపై ఎనభై నాలుగోదిగా చేరినది. చాలాకాలం దానికి చేయడానికి పనే లేదు.

1998లో ఇంటెల్, మరికొన్ని సంస్థలు కలిసి ప్రకటించిన ఐపీఎంఐ ప్రమాణంతో సర్వర్ మదర్‌బోర్డుపైనే విడిగా ఒక నిర్వహణ నియంత్రకం స్థిరపడింది. కాలక్రమంలో అది ఉమ్మడి స్విచ్ చేసే పనినే చేపట్టింది. బ్రౌజరు కిటికీలో సర్వర్ తెర కనిపిస్తుంది, ఇక్కడ నొక్కిన మీట అక్కడ యూఎస్‌బీ కీబోర్డు నొక్కుగా చేరుతుంది. సర్వర్ తన పరికరాల జాబితాలో ఒక కీబోర్డును చూపుతుంది గాని ఆ కీబోర్డుకు ఒక్క మీట కూడా లేదు. మౌనం మాత్రం ఇక్కడా వదలలేదు, చోటు మార్చుకుంది. కంట్రోల్-ఆల్ట్-డిలీట్ నొక్కితే ఎదుట ఉన్న సొంత కంప్యూటరే స్పందిస్తుంది, కంట్రోల్-డబ్ల్యూ నొక్కితే బ్రౌజరు కిటికీయే మూతపడుతుంది. సర్వర్‌కు చేరవలసిన ఆ మీటలను మౌసుతో ఎంచుకోవడానికి కిటికీ అంచున ఒక జాబితా పెట్టారు.